బిలియర్డు బల్లమీది మాటలు: స్పానిషు భాషాంతరీకరణమున గుణదోషములు

ఈ శీర్షికను జూచి మన పాఠకులలో గొందఱు ముఖము చిట్లింతురని నేనెఱుగుదును. బిలియర్డ్సు మన దేశమునకు దొరల క్లబ్బులద్వారా వచ్చిన యాట. దానికి తమ్ముడైన పూల్ అను నాట అమెరికాలో పందెములకును పొగకును నెలవైన గదులలో పెరిగినది. సంఘమునకు మేలు గోరు గృహస్థులు చదువు పత్రికలో దీని ప్రసక్తి యేల యని వారడుగవచ్చును. పందెమును సమర్థించుటకు నేను బూనుకొనలేదు. ఒక పని చేయువారి నోటిమాటను ఆ పని నెఱుగని విద్వాంసుడు నిఘంటువు చేతబట్టి మఱియొక భాషలోనికి దింపబోయినప్పుడు ఏమి జరుగునో చూపుటకు ఈ యాటకంటె మంచి యుదాహరణము నాకు దొరకలేదు. అందును ఇంగ్లీషునుండి స్పానిషునకు జరుగు అనువాదము మిక్కిలి బోధకరమైనది. ఏలయన, స్పానిషువారికి ఈ యాటమాటల పేదఱిక మెన్నడును లేదు. ఇంట ధాన్యముండగా వీధిలో బియ్యమప్పు తెచ్చుకొనువాని తీరుగా వారి యనువాదకులు కొందఱు ప్రవర్తించుటయే యిచట విమర్శనీయమైన విషయము.

ఆట నెఱుగని వారికొఱకు రెండు ముక్కలు. పచ్చని బనాతు పఱచిన పెద్ద బల్ల. చుట్టును రబ్బరు మెత్తలు పొదిగిన యంచులు. కొన సన్నమైన పొడుగుపాటి కఱ్ఱ. దానితో పొడిచిన బంతి వేఱొక బంతిని దాకవలెను. ఇంతవఱకు అన్ని తెగలకును సమానమే. ఇక తెగలు రెండు. బల్లకు రంధ్రములు లేక, మూడు బంతులతో, ఒక బంతి తక్కిన రెంటిని దాకుటయే గెలుపుగా నాడునది ఒకటి. ఇది ఫ్రాన్సునుండి స్పెయినునకును, అటనుండి అమెరికా ఖండములోని స్పానిషు దేశములకును ప్రాకినది. బల్లకు ఆఱు రంధ్రములుండి, అంకెలు వేసిన పదునైదు బంతులను ఒక తెల్లబంతితో గొట్టి వానిలో బడవేయుట రెండవది. అదియే పూల్. (ఈ మాటకు తుద ఉకారము చేర్చి తెనుగు చేయబోయినచో బల్లమీద పువ్వులు పూయును గనుక, హలంతముగనే యుంచితిని.) మొదటి యాట స్పానిషువారికి తాతలనాటిది. రెండవది సంయుక్తరాష్ట్రములనుండి చలనచిత్రములతోడను, నవలలతోడను, పోటీల నియమావళులతోడను దిగుమతి యైనది. అనువాదకుని చేతికి వచ్చునది ఈ రెండవదే. కాని దానికి వలసిన మాటలలో ముప్పాతిక భాగము మొదటిదానియొద్ద సిద్ధముగ నున్నవి. ఈ సంగతి మఱచుటవలననే తప్పులన్నియు బుట్టుచున్నవి.

రంధ్రమును ఇంగ్లీషువారు ‘పాకెట్’ అందురు. బల్లమూలలందు వలసంచులు వ్రేలాడదీయు కాలమున ఆ పేరు చక్కగనే యమరినది. ఇపుడు నిఘంటువు దెఱచినచో ‘పాకెట్’ అనగా ‘బొల్సీల్యో’ అని యుండును. నిజమే, చొక్కాజేబు ‘బొల్సీల్యో’యే. కావున పూల్ ఆటకు శాస్త్రీయనామమైన ‘పాకెట్ బిలియర్డ్సు’ను ‘బిల్యార్ దె బొల్సీల్యో’ అని దింపినవాడు తాను ప్రతిపదమును న్యాయముగ దింపితినని తృప్తిపడును. కాని స్పానిషువానికి ఆ మాట వినబడగానే మనసున దోచునది వేఱు. ‘లీబ్రో దె బొల్సీల్యో’ అనగా జేబులో నిముడు చిన్న పుస్తకము. అట్లే ‘బిల్యార్ దె బొల్సీల్యో’ అనగా జేబులో బెట్టుకొని పోదగిన పిల్లల బొమ్మబల్ల! తొమ్మిదడుగుల బల్ల ఒక్క సమాసముతో అగ్గిపెట్టె యంత యైనది. పదములలో దేనియందును దోషము లేదు. దోషమంతయు కూర్పునందే యున్నది. విగ్రహవాక్యము దెలియక సమాసము జేసినవాని కిట్టి గతి పట్టునని మన వ్యాకరణము చదివినవారికి వేఱుగ జెప్పనేల?

ఆటగాండ్ర మాట ‘త్రొనేరా’. ఇది కోటగోడలలో ఫిరంగి మూతి పెట్టుటకు విడిచిన బెజ్జమునకు బేరు. ఉఱుమునకు స్పానిషున నున్న పేరునుండి పుట్టినదని కోశకారులు చెప్పుదురు. బల్లయంచు కోటగోడ, దానియందలి రంధ్రము త్రొనేరా, ఎవరు మొదట నన్నారో గాని, చూచి యన్నమాట. అంతటితో నాగక ఆ నామమునుండి ‘ఎంత్రొనెరార్’ అను క్రియను గూడ గల్పించుకొనిరి. బంతిని రంధ్రమున బడవేయుట అని యర్థము. ఇంగ్లండువారు ‘పాట్’ అని ఒక్క ముక్కలో జెప్పునది ఇదియే. ఆ ‘పాట్’ను కుండగ జేసి, ‘బంతిని కుండలో వైచె’నని వ్రాసినచో నవ్వు వచ్చును గాని ఆట కనబడదు. ‘త్రొనేరా’కు దుర్వ్యయపరుడు, అదుపులేని మనుష్యుడు అను నర్థమును గలదు. బిలియర్డుగదులలో బ్రదుకు గడపు పాత్రను గూర్చిన నవలలో ఈ శ్లేష అనువాదకునకు అప్రయత్నముగ లభించు వరము. మూలమున లేని శ్లేషను అనువాదమున నుంచవచ్చునా యని శంకింపనక్కఱలేదు. మూలములోని శ్లేషలు పది పోవుచుండగా ఒకటి వచ్చి చేరుట న్యాయమే.

మెక్సికోలోను, కొలంబియాలోను, క్యూబాలోను ఇదే రంధ్రమును ‘బుచాకా’ యందురు. ఇది భిక్షాటనము చేయు యాత్రికుని తోలుసంచి పేరునకు దాయాది. చూడుడు: ఇంగ్లీషువాడు జేబును జూచినచోట స్పెయినువాడు ఫిరంగిబెజ్జమును, మెక్సికోవాడు బిచ్చగాని జోలెను జూచెను. వస్తువొక్కటే, చూపులు మూడు. ఏ చూపును దిద్ద మనకధికారము లేదు. అనువాదకుడు మొదట నిర్ణయించుకొనవలసినది, తన పాఠకుడు ఏ బల్లయొద్ద నిలిచి యున్నాడన్నదే.

ఒక్క ధ్వనికి పెక్కు అర్థములు తగిలించుకొనుట ఇంగ్లీషు మాటల లక్షణము. ఆటమాటలలో నీ లక్షణము మఱింత ప్రబలము. క్యూకఱ్ఱ కొనకు అతికించు తోలుబిళ్లను ‘టిప్’ అందురు. అదే మాటకు హోటలు పనివానికిచ్చు బహుమానమనియు, చెవిలో నూదిన సలహా యనియు నర్థములున్నవి. తొందరపాటు అనువాదకుడు ‘ప్రొపీనా’ అని వ్రాసినచో ఆటగాడు తన కఱ్ఱకొనకు బక్షీసు నతికించి సుద్ద రాచుకొనుచున్నట్లగును. స్పానిషు ఆటగాండ్రు దానిని ‘స్వేలా’ యందురు, చెప్పు అడుగుతోలు. తోలుపనివానికి దెలిసిన మాటను ఆటవాడు తీసికొన్నాడు. బంతిని వెనుకకు మరలి వచ్చునట్లు క్రిందిభాగమున బొడుచుటను అమెరికావారు ‘డ్రా’ యందురు. బొమ్మ గీయుటయు డ్రాయే, ఆట సరిసమానముగ ముగియుటయు డ్రాయే, లాటరీ చీటి తీయుటయు డ్రాయే. ఈ మూటికిని స్పానిషున మూడు వేర్వేఱు మాటలుండగా, నాలవదైన ‘రెత్రొసేసో’ మాత్రమే యిచట గావలసినది. వెనుకకు నడచుట యని తేటగా జెప్పు మాట యది. అంచునకు గొట్టి మరలించు దెబ్బను ‘బ్యాంక్ షాట్’ అన్నచో ధనాగారముతో గాని, బల్లపీటతో గాని దానికి సంబంధము లేదు. అది గట్టు అను నర్థములోని బ్యాంకు. స్పానిషువారు ‘బాందా’ యందురు. మూడు మాఱులు అంచులను దాకించి గెలుచు ఆట వారికి ‘త్రెస్ బాందాస్’. ఈ మాట బల్లదిగి వార్తాపత్రికలకెక్కి, మూడు పక్షములు కూర్చుండి జరుపు రాజీచర్చను ‘మూడు బాందాల చర్చ’ యనునంత వఱకు వచ్చినది.

వీనియన్నింటిలో వినోదకరమైనది ‘ఇంగ్లీషు’ అను మాటయే. బంతిని కుడిప్రక్కగనో యెడమప్రక్కగనో పొడిచినచో అది సుడి తిరుగుచు బోయి, అంచును దాకినప్పుడు కోణము మార్చుకొని మరలును. ఈ ప్రక్కసుడికి అమెరికావారు ‘ఇంగ్లీషు’ అని పేరిడిరి. ఇంగ్లండువారు మాత్రము ఆ పేరెన్నడును వాడక ‘సైడ్’ అని యూరకుందురు! ‘తెల్లబంతికి కొంచెము ఎడమ ఇంగ్లీషు పెట్టె’ అను వాక్యము అమెరికా నవలలో వచ్చినప్పుడు, బల్ల నెఱుగని యనువాదకుడు ఏమి చేయగలడు? ఎడమచేతి ఆంగ్లేయుని గూర్చి వెదకునా? స్పానిషున నీ సుడి ‘ఎఫెక్తో’. ఫలము, ప్రభావము అని సామాన్యార్థము; బల్లయొద్ద సుడి యని విశేషార్థము. ఫ్రెంచివారును దీనికి తోబుట్టువైన మాటనే వాడుదురు. యంత్రములు క్షణములో పుటలకొలది అనువదించు ఈ దినములలో గూడ ఇట్టిచోట పూచీ మనుష్యునిదే. వాక్యమున నున్నది ఒక జాతియా, భాషయా, సుడియా యని చెప్పగలవాడు చేత కఱ్ఱ పట్టినవాడే.

‘పూల్’ అను మాట చరిత్రయు నిట్టిదే. ఇంగ్లీషున నీటిమడుగునకును ఆ పేరే యుండుటచేత, స్పానిషున నీతకొలనుగా మాఱు ప్రమాదమెప్పుడును పొంచియుండును. కాని ఈ రెండు పూల్‌లును పరస్పరము చుట్టములు కావు. ఆటలోని పూల్, కోడిపెట్టకు ఫ్రెంచి పేరైన ‘పూల్’ నుండి వచ్చినది. పలువురు తలకింత వేసి కూడబెట్టిన పందెపు మొత్తమునకు ఫ్రెంచివారు కోడిపెట్ట యని పేరు పెట్టిరి. ఇంగ్లీషువారు మాటను గైకొని కోడిని మఱచిరి. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో ‘పూల్‌గది’ యన్నచో గుఱ్ఱపుపందెములకు సొమ్ము కట్టు చోటు. పందెములకు నడుమ జనులు ప్రొద్దుపుచ్చుటకు అచట బిలియర్డుబల్లలు వేసిరి. గది పేరు బల్లకు, బల్ల పేరు ఆటకు సంక్రమించెను. ఇంతకంటె వింత యేమనగా, స్పానిషున గూడ కోడిపెట్టపిల్ల పేరైన ‘పోల్యా’ యను మాట పేకాటలో పందెపుసొమ్మునకు వాడుకలో నున్నది. దక్షిణామెరికాలో సామూహికపందెమునకు నేటికిని అదే పేరు. చిలీ దేశమున 1934లో ధర్మకార్యముల నిమిత్తము స్థాపించిన లాటరీసంస్థ బహిరంగముగ నా పేరు ధరించి యున్నది. మూలధాతువును బట్టి చూచినచో ‘పూల్’నకు ఇంతకంటె సరియైన పర్యాయము లోకమున లేదు. అయినను అనువాదకుడు దానిని వాడరాదు. స్పెయినుదేశపు వీధులలో ఆ మాట సభ్యులు పలుకని అర్థమునకు జాఱిపోయినది. వ్యుత్పత్తి యొకటి, వ్యవహారమొకటి. ఈ రెంటికి దగవు వచ్చినచో వ్యవహారమే గెలుచునని సంస్కృతవైయాకరణులు రూఢిని యోగముకంటె బలవత్తరముగ జెప్పినది ఇందులకే గదా. కావున స్పెయినువారు ‘అమెరికా బిలియర్డు’ అని వివరించి చెప్పుటయు, అర్జెంటీనా, చిలీ దేశములవారు ‘పూల్’ అనియే యుంచుకొనుటయు రెండును వివేకమే.

ఇంతవఱకు జెప్పినవి జాఱుడుబండలు. మంచి నేలయు గలదు. లోకమున బిలియర్డుబల్ల ఏ భాషలో వేళ్లు దన్నునో ఆ భాష సామాన్యవ్యవహారమునకు కొన్ని మాటలు దానము చేయును. అనుకొనక తగిలిన దెబ్బకు ఇంగ్లీషున ‘ఫ్లూక్’ అని పేరు. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యమున బిలియర్డుబల్లయొద్ద వినవచ్చి, పిమ్మట కాకతాళీయమైన ప్రతి యదృష్టమునకును జెల్లినది. స్పానిషున ‘చిరీపా’ యను మాట అచ్చముగ నిదే దారిని నడచినది. బల్లమీద యాదృచ్ఛికముగ సిద్ధించిన దెబ్బ మొదట. పరీక్షలో చదువని విద్యార్థి గట్టెక్కుట తరువాత. కఱ్ఱ జాఱి బంతిని వంకరగ దాకుట ఇంగ్లీషున ‘మిస్‌క్యూ’, స్పానిషున ‘పిఫియా’. రెండును సభలో నోరుజాఱిన మంత్రికి సమానముగ వర్తించును. ఒక సముద్రమునకు ఈవలనావల నున్న రెండు జాతులు, ఒకరి నడిగి యొకరు గాక, ఒకే బల్లనుండి ఒకే లక్షణ నేర్చుకొనుట యెంత చిత్రము! ఇట్టిచోట అనువాదకునకు గావలసినది పాండిత్యము గాదు, చెవి. ఇంగ్లీషు నవలలోని పాత్ర ‘అదంతయు ఫ్లూక్’ అన్నప్పుడు, ‘అనూహ్యమైన దైవానుకూల్యము’ అను దండకములు విడిచి ‘చిరీపా’ యని తేల్చి, ముందునకు నడువవలెను.

‘బ్రేక్’ అను మాటయొద్ద మాత్రము చెవి చాలదు. పూల్‌లో త్రికోణముగ బేర్చిన బంతులను మొదటి దెబ్బతో చెదరగొట్టుట బ్రేక్. స్నూకరులో ఒకే ఆటగాడు తప్పక వరుసగ సంపాదించిన అంకముల మొత్తము బ్రేక్; దానికి సామాన్యముగ బరమావధి 147. మొదటిదానిని స్పానిషున ‘సాకే’ యనియు, అమెరికా ఖండమున గొన్నియెడల ‘క్యేబ్రే’ యనియు నందురు. రెండవదానికి వారియొద్ద నున్నది ముచ్చటైన మాట. క్యూకఱ్ఱ వారికి ‘తాకో’; దానినుండి పుట్టినది ‘తకాదా’; కఱ్ఱతో గొట్టిన దెబ్బ యనియు, తప్పక వరుసగ సాగించిన దెబ్బల పరంపర యనియు నర్థము. ‘ఒక్క తకాదాలో’ అనగా ఏకధాటిగ. మూడువందల పుటల నవలను ఒక్క తకాదాలో జదివితిననువాడు బల్లను ఎన్నడును జూడనివాడు కావచ్చును. స్నూకరును గూర్చి స్పానిషున వ్రాయువారు ఇంత చక్కని మాటను గాదని ‘బ్రేక్’నే యుంచుట నాకు రుచింపదు. కుందనముండగా గిల్టునగ ధరించుట యనిపించుచున్నది.

‘తాకో’ యనగనే నేడు ఇంగ్లీషు పాఠకునకు మెక్సికోవారి రొట్టెచుట్ట జ్ఞప్తికి వచ్చును. స్పెయినున దానికి బూతుమాట యను నర్థమును గలదు. అయినను బల్లయొద్ద ఎవరును చిక్కుపడరు. కఱ్ఱను ‘క్యూ’ యని ఇంగ్లీషువారనుటకు మూలము ఫ్రెంచిలో తోక యను మాట. రేషను దుకాణమునొద్ద మనము నిలుచు క్యూయును ఆ తోకయే. స్పానిషువారు తోకను ముట్టక చెక్కముక్క పేరు పెట్టుకొనిరి. కఱ్ఱకొనకు రాయు సుద్ద ‘తీసా’. ఇది యూరపుమాట కానేకాదు, మెక్సికోలోని ఆదిమజాతుల నావాత్ల్ భాషనుండి స్పానిషునకు జేరినది. స్పెయినులో గూడ బడిపంతులు తీసాతోనే వ్రాయును. మెక్సికోలో మాత్రము బడిసుద్దను ‘హీస్’ అందురు. అది గ్రీకుమూలమునుండి లాటిను మీదుగ వచ్చినది! ఒకరి మాట యొకరింట కాపురము చేయుచున్నది. అన్నట్లు, ఆటగాండ్రు వాడు నీలపుసుద్ద నిజమైన సుద్ద కాదు. సిలికాతోడను గరుకుపొడితోడను జేసిన ఆ బిళ్లకు 1897లో అమెరికాలో పేటెంటు తీసికొనిరి. వస్తువు మాఱినను పేరు మాఱలేదు.

ఇక సంస్కృతము చదివినవాని మనస్సును మిక్కిలి యాకర్షించు మాట యొకటి మిగిలినది. బంతి రెండు బంతులను దాకుటకు స్పానిషున ‘కరాంబోలా’ యని పేరు. అది ఫ్రెంచిలోనికి బోయి ‘కరాంబోల్’ ఐనది. ఇంగ్లీషువారు దానిని గైకొని, తుదను ‘బాల్’ అను మాట యున్నదని భ్రమపడిరో యేమో, కత్తిరించి ‘క్యారమ్’ చేసిరి. మన యిండ్లలో వేసవిసెలవులలో పిల్లలు బోరికుపొడి చల్లుకొని యాడు క్యారమ్ బల్లకు ఆ పేరే సంక్రమించినది. అయితే ‘కరాంబోలా’ యనునది ఒక పండు పేరు కూడ. అడ్డముగ గోసిన నక్షత్రాకారము గానవచ్చు పులుపుపండు, మన కర్మరంగము. పోర్చుగీసువారు పడమటితీరమున మరాఠీమాటను విని ఆ పేరును గొనిపోయిరనియు, ఆ మరాఠీమాట సంస్కృతభవమనియు కోశకారులు వ్రాసియున్నారు. పండు పేరు బంతుల తాకిడికి ఎట్లు తగిలెనను విషయమున వారిలో నేకాభిప్రాయము లేదు. పండును బోలిన యెఱ్ఱబంతి కారణమని కొందఱందురు. ఏమైనను, నేడు స్పానిషున ‘కరాంబోలాచేత’ అనగా చుట్టుదారిని, తలవని తలంపుగ అని యర్థము. ఇంగ్లీషు ‘క్యారమ్’ను స్పానిషులోనికి దింపువాడు కొత్తమాట వెదకుట, పుట్టినింటికి వచ్చిన పిల్లను ఊరు పేరు అడుగుటవంటిది. ‘కరాంబోలా’ యని లోనికి బిలువవలెను.

మాటలు చేయుటకు సంఘములు కూర్చుండినప్పుడు పుట్టు దోషము వేఱొక జాతిది. పోటీల నియమావళులు ఇంగ్లీషున వెలువడగా, వానిని ఇరువది స్పానిషు దేశములకును చెల్లునట్లు దింపవలసి వచ్చినది. ఇది సులభమైన పని గాదు. దానిని జేసినవారిని తృణీకరింపరాదు. గీఱలులేని బంతులను ‘లీసాస్’ అనియు, గీఱలున్నవానిని ‘రయాదాస్’ అనియు వారు స్థిరపఱచినది బాగున్నది. నునుపువి, చారలవి యని బాలురకును దెలియును. ఏ బంతిని ఏ రంధ్రమున వేయుదునో ముందుగ జెప్పుటకు ‘కంతార్’ అను క్రియను దీసికొనుట మఱియు మెచ్చదగినది. కంతార్ అనగా పాడుట. పేకాటలో తనయొద్ద జోడున్నదని ప్రకటించుటకు స్పానిషు గ్రామీణుడు తరములనుండి వాడిన మాట యది. క్రొత్తయాటకు పాత నాలుక దొరకినది. కాని కొట్టవలసిన బంతికి ఇంగ్లీషున ‘ఆబ్జెక్ట్ బాల్’ అని యుండుటచేత ‘బోలా ఒబ్హేతో’ యని యక్షరమున కక్షరము దింపినది జీవము లేనిది. స్పానిషున ‘ఒబ్హేతో’ యనగా ప్రధానముగ వస్తువు. వస్తువు కాని బంతి యెక్కడనైన గలదా? మూడుబంతుల ఆటలో బల్లతలయొద్ద నుంచి కొట్టబడు బంతికి ‘మింగో’ యను పేరుండెను. ‘మింగోను నిలిపినవాడు’ అనగా అందఱిలో మిన్నయైనవాడని జాతీయము గూడ గలదు. పూల్‌లోని పదునైదు బంతులకును మింగో పేరు పూర్తిగ నతకదని నేనొప్పుకొందును. ఐనను దానిని విచారించి విడుచుట వేఱు, స్మరింపకయే విడుచుట వేఱు.

మన చెడుగుడును దలచుకొన్నచో ఈ బాధ మనకును దెలియును. పోటీల ఆంగ్లనియమములలో మన కూతను ‘క్యాంట్’ అని వ్రాసిరి. ఆ మాటకు ఇంగ్లీషున బ్రసిద్ధములైన అర్థములు కపటభక్తుని నీతిపలుకులు, దొంగల గుప్తభాష. ఊపిరి బిగబట్టి గీత దాటిపోవు కుఱ్ఱవాని గొంతు అందెక్కడ వినబడును? కూతను కూతగనే యుంచి యుండిన ఇంగ్లీషునకు నష్టమేమి? స్పానిషువారు ‘స్నూకర్’ను అట్లే యుంచుకొనిరి, ఈ యొక్కచోట వారిని నేను మనసార మెచ్చుకొందును. ఆ పేరు 1875లో మన జబ్బల్‌పూరు సైనికుల భోజనశాలలో బుట్టినది. ఇంగ్లండులోని సైనికవిద్యాలయమున మొదటి సంవత్సరపు కుఱ్ఱలను హేళనగ ‘స్నూకర్’ అనెడివారు. నెవిల్ ఛేంబర్లేన్ అను యువసైనికోద్యోగి (తరువాతి ప్రధానమంత్రి కాదు, వేఱొకడు) సులభమైన దెబ్బను తప్పిన తోటివానిని ఆ పేరుతో బిలిచి, మనమందఱము ఈ యాటకు స్నూకర్లమే యనెనని చెప్పుదురు. వేళాకోళమునకు దర్జుమా లేదు. కాని దానినుండి బుట్టిన క్రియ యున్నది: అడ్డుగ వేఱొక బంతి నిలుచుటచే, కొట్టవలసిన బంతికి సూటిదారి లేక చిక్కుకొనుట. దానికి స్పానిషున ఒక్కమాట లేదు. దారి మూసికొన్నది, బంతి చాటైనది అని వాక్యముచే జెప్పవలెను. చెప్పుటయే మేలు. ఆటలో నుద్వేగమునకు తావైన ఆ క్షణమున పాఠకుడు తెలియని మాటను దాకి నిలువరాదు.

నియమావళిని విడిచి కథలకు వత్తము. వాల్టర్ టెవిస్ అను అమెరికా రచయిత 1959లో ‘ది హస్లర్’ అను నవల వ్రాసెను. అది 1961లో చలనచిత్రమైనది. పూల్‌గదులలో హస్లర్ అనగా ఎవడు? తన నేర్పును దాచి, చేతకానివానివలె రెండుమూడు ఆటలోడి, ఎదుటివానికి ఆశ పెంచి, పందెము పెద్దదైనప్పుడు నిజమైన చేయి చూపువాడు. ఓటమి వానికి పెట్టుబడి. కథలోని నైతికక్లేశమంతయు ఈ యొక్క మాటలో నిమిడి యున్నది. గెలుచుటకు ముందు ఓడుట నభ్యసించినవాడు, నిజముగ గెలువవలసినప్పుడు ఏమగునను ప్రశ్న అందుండియే పుట్టుచున్నది. స్పెయినున చిత్రమునకు ‘ఎల్ బుస్కవీదాస్’ అని పేరిడిరి. విడదీసినచో బ్రదుకుదెరువు వెదకువాడు. ఎట్టి పనికైన సిద్ధపడి పొట్ట పోసికొను చుఱుకైన మనుష్యునకు స్పానిషున నిది వాడుకమాట. కొంత జాలియు, కొంత మెప్పును అందున్నవి. ధ్వని చక్కగ నున్నది. శీర్షికగ జెవికి నిలుచును. కాని మోసము జాఱిపోయినది. వీథులలో సూదులమ్ముకొనువాడును బుస్కవీదాసే. వాడు తన సూదుల వాడిని దాచి యమ్మడు. శీర్షిక నాయకుని యెడల మన జాలిని ముందుగనే యడిగి తీసికొనుచున్నది. మూలము దానిని కథ ముగియువఱకు బిగబట్టినది. ఇది పదదోషము కాదు, న్యాయదోషము. వానిని ఎంతవఱకు క్షమింపవచ్చునను తీర్పును పాఠకుని చేతినుండి శీర్షిక లాగికొన్నది.

అదే చిత్రమున నాయకుని ప్రతిద్వంద్వి యైన ‘మిన్నెసోటా ఫ్యాట్స్’ను ‘మిన్నెసోటా గోర్దో’ యని దింపిరి. గోర్దో యనగా లావువాడు. స్పెయినున క్రిస్మసు లాటరీలో మొదటి బహుమతికిని ప్రజలు పెట్టుకొన్న పేరు ‘గోర్దో’యే. సూటు నలుగకుండ, తొందర పడకుండ, తెల్లవారువఱకు ఒకే తీరున ఆడు ఆ స్థూలకాయుని పేరు విన్నప్పుడెల్ల స్పెయినుప్రేక్షకునకు, అందఱును గోరుకొనునదియు ఎవరో యొకరికి దప్ప దక్కనిదియు నైన ఆ బహుమతి మనసున మెదలియే యుండును.